బండారి పెట్టుకునే చోటు

మా వియ్యంకుడు పోయాడు. "మామ పోయిండు నాయినా" అని బిడ్డ ఫోన్లో ఏడిస్తే, "ఎవరి మామ?" అని అడిగాను. ముందురోజే మేడ్చల్ బస్టాండు దగ్గర ఇద్దరం చాయ తాగాం. "ఆదివారం వస్త బావా, మటన్ వండిపియ్యి" అన్నాడు. నాకంటే చిన్నవాడు. మట్టి వేసి వచ్చాను. అయినా నమ్మకం కుదరడం లేదు.

నేను డోలు దరువు మీద పాడుతూ ఒగ్గు కథ చెప్పేవాణ్ని. చదువు అంతంత మాత్రం. కథలో మాత్రం శామీర్‌పేట చుట్టుపక్కల నాకు సాటి లేరు. మా వియ్యంకుడిది మేడ్చల్‌లో పెండ్లి వీడియోల దుకాణం. నా కథ మొత్తం తీసి, ఒకే డీవీడీ డిస్కులో ఫ్యాక్టరీ అచ్చు వేయిస్తానన్నాడు. కథ పెద్దది, రెండు పొరల డిస్కు కావాలి. మొదటి పొర నుంచి రెండో పొరకు మారేటప్పుడు బొమ్మ రెప్పపాటు ఆగుతుందట.

ముందుగా ఒక డిస్కు చేసి చూపించాడు. కథలో తల్లి శోకం పాడుతుంటే, నేను నోరు తెరిచినచోట బొమ్మ ఆగింది. నాకు మండింది.

"నా నోరు పట్టుకున్నవేంది బావా?"

"నీ నోరు పట్టేటోడు ఇంక పుట్టలే. గది మిషన్ ఎంచుకున్న జాగ. ఫ్యాక్టరీల అచ్చు పడ్డదంటే ఇగ మార్చరాదు. నువ్వు యాడ ఆగుతవో జెప్పు, గాడనే పెడత."

"నేను యాడ ఆగ!"

ఆయన వాదించలేదు. శామీర్‌పేటలో నా కథ ఉంటే కెమెరా లేకుండా వచ్చి, ముందు వరుసలో కూర్చుని నన్నే చూశాడు. కథ అయ్యాక నవ్వాడు.

"దొరికినవ్ బావా. శోకం అయినంక బండారి తీసి నొసట పెట్టుకుంటవ్. డోలు ఆగుతది, జనం ఊపిరి బిగబడతరు. మనిషి ఆగేకాడనే మిషన్ ఆగాలె."

ఇన్నేళ్లు కథ చెప్పాను, ఆ పసుపు పెట్టుకునేటప్పుడు ఆగుతానని నాకే తెలియదు. అక్కడే గుర్తు పెట్టి మాస్టర్ టేపు ఫ్యాక్టరీకి పంపాడు. అచ్చయి వచ్చిన డిస్కు ఎందరో చూశారు. కథ ఆగిందని ఒక్కరూ అనలేదు. పనిలో అంత పట్టుదల మనిషి. పెండ్లిలో అప్పగింతలు తీస్తుంటే ఎవరైనా అడ్డమొస్తే కసురుకునేవాడు కాదు, తనే పక్కకు జరిగేవాడు. "ఏడ్చేటోళ్లను జరుపుతమా?" అనేవాడు.

నిన్న ఆ డిస్కు వేసుకున్నాను. బొమ్మలో ఆయన ఎక్కడా లేడు, కెమెరా వెనక ఉన్నాడు. శోకం అయింది. బొటనవేలు నొసటికి చేరింది. బొమ్మ ఆగింది. మళ్లీ కదిలింది. బండారి పెట్టుకుని కళ్లు తెరిచి, బొమ్మలోని నేను నేరుగా ఆయన వైపు చూశాను.

ఆ చూపు వచ్చి నా మీద పడింది.