పాలకేంద్రం గోడ మీది పలక

తడి గుడ్డతో రాతిపలక తుడిచినప్పుడు ఒక వాసన వస్తుంది. మార్కాపురంలో పుట్టినదాన్ని, నాకది కొత్త కాదు. మా దుకాణం వెనక పలకల కార్ఖానా ఉండేది, ఆ దుమ్ము మా బియ్యం బస్తాల మీద కూడా పడేది. అయినా ఈ సోమవారం పొద్దున పాలకేంద్రం గోడకున్న పలక తుడుస్తుంటే ఆ వాసన తగిలి చేయి ఆగిపోయింది. ఖాదర్ సార్ పోయి ఏడాదైంది. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నా నోట్లోనే ఉండిపోయింది.

సార్‌ది కంభం. వయసులో ఉన్నన్నాళ్ళూ బోరు బండి మీద పనిచేశారు. "ఎన్ని ఊర్లల్లో నేలకు చిల్లులు పెట్టినానో నాకే గుర్తు లేదమ్మా. సగం బోర్లల్లో దుమ్మే లేచింది. బిందెలు పట్టుకోని ఎదురుచూసిన ఆడోళ్ళ మొగాలు ఇప్పటికీ కనపడతాయి" అనేవారు. ఆ బాధతోనే బండి దిగి, నల్లమల అంచు పల్లెల్లో వాన నీళ్ళు నేలలోకి ఇంకించే వాటర్‌షెడ్ పనులు చేసే ఒక చిన్న సంస్థలో చేరారు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను ఆయన దగ్గర చేరాను. "కొట్లో నీడపట్టున కూసోకుండా, కొండల కింద బాయిలు చూసుకుంటా తిరిగేదేంది?" అని మా నాయన గొణిగాడు. ఆయన తప్పేమీ లేదు. ఒళ్ళు వంచే అలవాటు నాకు తక్కువేనని ఆయనకు బాగా తెలుసు.

పెద్దారవీడు వైపు ఒక ఊళ్ళో పని. మాకు ముందు వచ్చినవాళ్ళు మైకు పెట్టి నీటి సంరక్షణ గురించి ఉపన్యాసాలిచ్చి వెళ్ళారు. సార్ మైకు ముట్టలేదు. ఒక పెద్ద పలక తెచ్చి పాలకేంద్రం గోడకు వేలాడదీశారు. రాయి కట్టిన తాడుకు మూరకో ముడి వేశారు. ప్రతి సోమవారం ఊరి చుట్టూ ఉన్న ఏడు బావుల్లోకి ఆ తాడు వదిలి, ఎన్ని మూరల నీళ్ళున్నాయో పలక మీద రాయాలి. వానలు వెనకపట్టే నాటికి పది మూరలు లేని బావి కింద మిరప పెట్టకూడదు, శనగ చల్లుకోవాలి. ఊరంతా కూర్చుని చేసుకున్న కట్టుబాటు అది. "కొండ మీద కందకాలు తవ్వితే సరిపోదు. దిగిన నీళ్ళు ఎంతో తెలుసుకోని పైరు పెట్టాల" అని ఇంటింటికీ తిరిగి చెప్పారు. మొదట్లో నవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి పాలు పోయడానికొచ్చే ఆడవాళ్ళు క్యాను కన్నా ముందు పలక వైపు చూడడం మొదలుపెట్టారు. అప్పుడు సార్ తాడు నా చేతికిచ్చారు.

చెన్నమ్మత్త బావి అన్నిటికన్నా దూరం. వాగు దాటి నల్లరేగడిలో పోవాలి. ఆ ఏడాది ముసురు పట్టింది. అంత దూరం పోతే మార్కాపురం బస్సు దొరకదు. ఒక సోమవారం పోలేదు, పాత అంకె పన్నెండే రాశాను. తర్వాతి సోమవారమూ అంతే, ఆ పై సోమవారమూ అంతే. ఆ బావికి ఎగువన కొత్త బోరొకటి పడి, ఎడాపెడా నీళ్ళు తోడేస్తోందని నాకు తెలియదు. పోయి ఉంటే తెలిసేది.

చెన్నమ్మత్త మిరప నాటింది. పూత మీద ఉండగా మోటారు గాలి పీల్చింది. కబురందగానే ఇద్దరం పోయాం. సార్ తాడు వదిలి పైకి లాగారు. తడిసింది ఒక్క మూరే.

"నేను తొంగి చూసినా అన్నా" అంది చెన్నమ్మత్త. "నీళ్ళు బాగా లోతుకు పోయినట్ల అనిపించింది. పలక మీద పన్నెండుండె గదా, నా కండ్లే మసకబారినాయేమో అనుకున్నా."

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు కొలిచినప్పుడు ఎంతుండెమ్మా?"

"పన్నెండే సార్" అన్నాను. తడబడకుండా అన్నాను. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది అందుకే.

మరునాడు పాలకేంద్రం ముందు సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ముడులు సరిగా పడలేదు. ఏసింది నేనే. తప్పు నాది" అన్నారు. "మా కండ్ల కన్నా పలకను నమ్మమంటివి. ఇప్పుడు ఇట్లంటే ఎట్లన్నా?" అని ఒకాయన పలక తీసి గోడకు తిప్పి ఆనించాడు. నేను పాల క్యాన్ల వెనక నిలబడ్డాను.

సార్ పక్క బావుల వాళ్ళను బతిమాలి వంతుల వారీగా నీళ్ళు పెట్టించారు. సగం తోట దక్కింది. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆయనే కొలవడానికి వచ్చేవారు, నన్ను వెంట రమ్మనేవారు. కొలిచిన అంకెలు ఒక పలకముక్క మీద రాసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాలకేంద్రం అరుగు మీద కూర్చునేవారు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఏడాది దాటాక ఒకరోజు చెన్నమ్మత్తే పెద్ద పలక దుమ్ము దులిపి మళ్ళీ గోడకు తగిలించింది.

సార్ పోయిన నెలకు నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. శనక్కాయలు వలుస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేయి ఆగలేదు.

"తెలుసులే అమ్మీ. ముసురులో మా బాయి కాడికొస్తే చెప్పులకు బురద పట్టి కాలు లేవదు. ఆ సోమారాలు నీ చెప్పులు కడిగినట్ల ఉండె. తోట ఎండినాక గుర్తొచ్చింది."

"సార్‌కు చెప్పినావా అత్తా?"

"అప్పుడే చెప్పినా. నాకూ తెలుసక్కా, ఆ పాపే వచ్చి చెప్తాదిలే అన్నాడు. నిన్ను ఎంటబెట్టుకోని తిరిగింది ఇంకెందుకనుకున్నావు?"

అక్కడే తల వంచుకుని ఏడ్చాను. ఎన్ని సోమవారాలు ఆ రేగడి దారిన ఆయన నా ముందు నడిచారు. నేను వానల గురించి, బస్సుల గురించి మాట్లాడాను. ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడాను.

ఆ వచ్చే సోమవారం పాలకేంద్రం ముందు అందరికీ చెప్పాను, ముడులు సరిగ్గానే ఉన్నాయని, కొలవనిది నేనని. ఇప్పటికీ ఆ తాడుతోనే కొలుస్తున్నాను. ఈ పొద్దు చెన్నమ్మత్త బావిలో తొమ్మిది మూరలున్నాయి. రాసి పక్కకు జరిగాను. పాలు పోయడానికొచ్చిన వాళ్ళు ముందు నా చెప్పుల వైపు చూస్తారు, తర్వాతే పలక వైపు చూస్తారు. చూడనీ.