డీలియా పుట్టిన సంవత్సరం

మా తాత మాలకీ కాన్సిడైన్‌కు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి పేరు కన్నా ముందు ఆ మనిషి అమ్మమ్మ పేరు అడిగేవాడు. వానలో తలుపు తట్టినవాణ్ణి కూడా గుమ్మంలోనే నిలబెట్టి, "మీ అమ్మమ్మ పుట్టింటివాళ్ళెవరు, ఆవిడ ఏ ఏడు పుట్టింది?" అనేవాడు. జవాబు చెప్పేలోపు వచ్చినవాడు తడిసేవాడు. జవాబులో తేదీ తప్పితే ఇంకా తడిసేవాడు.

పడమటి ఐర్లండ్‌లో మా బాలిగ్లాస్ ఊళ్ళో పెద్దకొడుక్కి తాతపేరే పెట్టాలి. అందువల్ల ఏ కాలంలో చూసినా అరడజనుమంది పాట్రిక్ హోగన్‌లు తేలతారు. వాళ్ళను ఒకరి నుంచి ఒకరిని విడదీయడమే మా తాత జీవితాశయం. చర్చి బాప్తిస్మపు పుస్తకాలు, జనాభా లెక్కల కాగితాలు అన్నీ నమిలేశాడు. సమాధుల మీద అరిగిపోయిన అక్షరాల కోసం వంటింటి అద్దం ఎత్తుకెళ్ళి, ఎండను పక్కనుంచి రాతిమీదికి కొట్టేవాడు. మా నాన్నమ్మ నోనీ ఆదివారాలు అద్దం లేకుండానే జుట్టు దువ్వుకునేది.

"ఆ చచ్చినవాళ్ళ సంగతి అయ్యాక నా మొహం కూడా కాస్త చూసుకోనియ్యవయ్యా."

"నీ మొహం నాకు తెలుసుగా. ఆ రాయి కిందివాడెవరో తెలియట్లేదు."

డెబ్బై నిండినవాళ్ళకు పింఛను ఇస్తామని వెనకటికి ప్రభుత్వం అన్నప్పుడు మా ఊరంతా ఒక్కసారిగా ముసలిదైపోయిందట. తాతకు ఇష్టమైన కథ అది. సారాయి దుకాణంలో స్నేహితుడు టిమ్ హోగన్ దొరికితే చాలు, మొదలుపెట్టేవాడు.

"రెండు జనాభా లెక్కల మధ్య పదేళ్ళే గదా, టిమ్. ఆ పదేళ్ళలో మీ తాతకి ఇరవై ఒక్క ఏళ్ళు పెరిగాయి."

"కష్టాలు పడ్డాడయ్యా పాపం."

"కష్టాలకి కాదు, పింఛనుకి."

ఇలా ఉండగా టిమ్‌కూ డీలియాకూ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయి. ఫాదర్ క్విగ్లీ చర్చి హాల్లో పండగ పెట్టి, గోడకు వాళ్ళ వంశవృక్షం కట్టాలన్నాడు. "తేదీలన్నీ ఉండాలి, మాలకీ. తప్పులుండకూడదు."

"తప్పులా? నా చేతిలోనా?" అన్నాడు తాత.

మర్నాడు పొద్దున డీలియా బుట్టెడు గుడ్లతో పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"బాప్తిస్మపు పుస్తకంలో నా పేరుందా, మాలకీ?"

"ఉంది."

"పక్కన ఏడాది?"

"అదీ ఉంది."

డీలియా కుర్చీలో కూలబడింది. "తనకన్నా రెండేళ్ళు చిన్నదాన్నని చెప్పి చేసుకున్నాను టిమ్‌ని. లేకపోతే వాళ్ళమ్మ ఒప్పుకునేది కాదు."

"ఐదేళ్ళు పెద్దదానివి," అన్నాడు తాత, నోరు ఆగక.

"నాకు తెలీదా? పుట్టింది నేనే." కళ్ళు తుడుచుకుంది. "ఊరందరి ముందూ అది గోడకెక్కితే ఇక టిమ్ మొహం ఎలా చూడను?"

"తప్పు తేదీ రాయడం నావల్ల కాదు, డీలియా."

డీలియా గుడ్లు తిరిగి పట్టుకెళ్ళిపోయింది. నాన్నమ్మ పండగ దాకా తాతతో మాట్లాడలేదు.

పండగనాడు గోడనిండా వంశవృక్షం. పాట్రిక్‌లందరూ ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూర్చున్నారు. చనిపోయినవాళ్ళకు తేదీ, నెల, ఏడాది. బతికున్న మగవాళ్ళకూ అంతే. బతికున్న ఆడవాళ్ళకు మాత్రం అందమైన అక్షరాల్లో పేరు, దాని కింద ఖాళీ.

"ఆడవాళ్ళకి ఏడాదులేవయ్యా?" అన్నాడు ఫాదర్.

తాత గొంతు సవరించుకున్నాడు. "బతికున్న ఆడవాళ్ళ ఏడాది గోడకెక్కించరు ఫాదర్. ఈ ఊరి ఆచారం."

"ఎప్పటి నుంచి?"

తేదీ అడిగితే మా తాత నోరు పెగలకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడడం. "చాలా... పాతది," అన్నాడు.

"అవును ఫాదర్, మా అమ్మ కూడా చెప్పేది," అంది వెనక బెంచీ నుంచి ఒకావిడ. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరికీ వాళ్ళ వాళ్ళ అమ్మలు చెప్పింది గుర్తొచ్చింది. ఫాదర్ కేకు బల్ల వైపు నడిచాడు.

"చూశావా," అంది నాన్నమ్మ నా చెవిలో. "మీ తాత ఇన్నేళ్ళూ తగువు పడింది సమాధుల్లోవాళ్ళతోనే. పెళ్ళైన ఆరో నెలకే బిడ్డను ఎత్తుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో ఆయనకి తెలుసు. ఎప్పుడైనా నోరు జారాడా?"

డీలియా కేకులో పెద్ద ముక్క కోసి తెచ్చి తాత చేతిలో పెట్టింది. "అబద్ధమాడడం నీకు చేతకాదు, మాలకీ. చెవులు ఎర్రబడ్డాయి."

"కొత్త కదా."

ఆమె అటు వెళ్ళగానే ఇటు నుంచి టిమ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మంచి ఆచారం కనిపెట్టావు. డీలియా అక్క నాకు పెళ్ళికి ముందే చెప్పేసింది, ఐదేళ్ళు పెద్దదని. నాకు తెలుసని మాత్రం డీలియాకి చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది."

మొగుడి రహస్యమూ పెళ్ళాం రహస్యమూ రెండూ నోట్లో పెట్టుకుని, వాటి మధ్య నుంచి కేకు మింగడం ఎంత కష్టమో ఆ పూట మా తాత మొహం చూస్తే తెలిసేది.