మా అత్తమ్మ ఇష్టాలు

పోయిన నెల ఖైరతాబాద్‌లో ఏదో పని చూసుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే పంజగుట్ట దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. పక్కనే ఒక పాత రెండంతస్తుల భవనాన్ని కూలగొడుతున్నారు. ముందు గోడ అప్పటికే పడిపోవడంతో పై అంతస్తు లోపలిభాగమంతా రోడ్డుకు కనిపిస్తోంది. వెలిసిపోయిన లేతాకుపచ్చ రంగు గోడ, ఆ గోడకు ఇంకా అంటుకునే ఉన్న చేతులు కడుక్కునే బేసిన్లు. కాసేపటికి గాని నాకు తట్టలేదు, అది ఒకప్పటి మలయాళీ హోటలని, మా అత్తమ్మను నేను మొట్టమొదట తీసుకెళ్ళింది అక్కడికేనని. వెనక ఆటో హారన్ కొట్టేదాకా ఆ గోడనే చూస్తూ ఉండిపోయాను.

మా మామగారు పోయాక అత్తమ్మ మెదక్ వైపు పల్లె నుంచి మధురానగర్‌లో మా ఇంటికి వచ్చేసింది. నేనప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను, మా ఆయన ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూసేవారు, పెద్ద బావగారు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉంటూ అక్కడే కాపురం పెట్టుకున్నారు. వచ్చిన మర్నాటి నుంచే అత్తమ్మ నా చేతిలోంచి గరిటె తీసుకుంది. అందరికీ వండేది, వడ్డించేది, మేము లేచాక వంటింట్లో పీట వేసుకుని కూర్చునేది. మా తరం ఆడవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు, మన అమ్మలందరూ అలాగే తిన్నారు కదా. కానీ ఆమె తినడం లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది, అడిగితే ఆకలి కావట్లేదనేది. జాకెట్లు వదులైపోయాయి, గాజులు మోచేతిదాకా జారేవి. నేను ఆఫీసు నుంచి రాగానే ఒకరోజు చికెన్, ఒకరోజు చింతచిగురు, ఇలా తోచినవన్నీ ఎర్రగా, ఘాటుగా, మా ఇంటి పద్ధతిలోనే వండిపెట్టేదాన్ని. బాగుంది బిడ్డా అనేది, పక్కకు జరిపేది. భర్త పోయిన దిగులని అందరం అనుకున్నాం. దిగులు నిజమే, కాని అదొక్కటే కాదు.

చివరికి సెలవు పెట్టి పంజగుట్టలో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన అన్నీ పరీక్షించి జబ్బేమీ లేదని, ఆమెకిష్టమైనవి చేసి పెట్టమని చెప్పి పంపేశారు. బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, పొద్దున కూడా ఏమీ తినకుండా వచ్చినందుకు నాకే కళ్ళు తిరుగుతున్నాయి. ఎదురుగా కనిపించిన మేడమెట్లు ఎక్కించాను. అత్తమ్మ జీవితంలో హోటల్లో కూర్చుని తినడం అదే మొదలు. కొంగు చుట్టూ కప్పుకుని కుర్చీ అంచున, ఎవరైనా లేపుతారేమోనన్నట్టు కూర్చుంది. సర్వరు నడివయసు మనిషి, వచ్చీరాని తెలుగులో మర్యాదగా, నన్ను కాకుండా ఆమెనే ఏం కావాలని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. మీకేం ఇష్టం అత్తమ్మా అని నేనూ అడిగాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. మామగారికి కారం లేనిదే ముద్ద దిగేది కాదని, పెద్దోడికి పప్పులో నెయ్యి ఉండాలని, చిన్నోడు వంకాయ ముట్టడని వరసగా చెప్పుకొచ్చి, ఆగిపోయింది.

"నాకేం ఇష్టమో నేనెప్పుడు అనుకోలే బిడ్డా. నన్ను ఎవ్వలు అడగలే సుత."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఏ ఫిర్యాదూ లేదు, ఆమెకే అప్పుడే తెలిసిన విషయం నాకు చెప్పినట్టుగా ఉంది. నేను తలదించుకుని, పక్క బల్ల మీద వాళ్ళు తింటున్నదే మాకూ తెమ్మన్నాను. దోసెల్లాంటి మెత్తటి అప్పాలు, కొబ్బరిపాలు పోసి వండిన కోడి కూర వచ్చాయి. మిరపపొడి అన్నదే లేని తెల్లటి కూర. ఇది ఉడికిందా అని ఆమె నన్ను మెల్లగా అడిగింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని ప్రార్థన మొదలుపెట్టింది. మా అత్తమ్మ ప్రార్థన చిన్నది కాదు, పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ అందరూ అందులోకి వస్తారు. సర్వరు నీళ్ళ జగ్గు పట్టుకుని, ఆమె ఆమెన్ అనేదాకా అక్కడే నిలబడ్డాడు.

మొదటి ముక్క అనుమానంగా, రెండోది నెమ్మదిగా, ఆ తర్వాత నా వైపు చూడకుండానే తింది. ఇంకోటి వేయమంటారా అని అతనడిగితే తలూపింది. ఇంట్లో నేనంత కష్టపడి వండితే తినని మనిషి ఎవరో చేసింది ఇలా తింటోందేమిటని ఒక్క క్షణం నా మనసు చివుక్కుమంది, కాని ఆ సంగతి ఆ బేసిన్ల దగ్గరే వదిలేశాను. చేతులు కడుక్కోవడానికి నాకు ఆ రోజు కొంచెం ఎక్కువసేపే పట్టింది.

అప్పటి నుంచి రెండో శనివారాలు మావి. మా ఆఫీసుకు సెలవు, మా ఆయనకు ఉండేది కాదు. అమీర్‌పేటలో ఒక గుజరాతీ భోజనశాల ఉండేది, పళ్ళెం ఖాళీ కాకుండా వడ్డించడం వాళ్ళ పద్ధతి. పప్పులో తీపి తగిలేసరికి అత్తమ్మ, పాయసంలో వేయాల్సిన బెల్లం మర్చిపోయి ఇందులో వేసినట్టున్నారని నాకు రహస్యంగా చెప్పి, పూరీలు మాత్రం కడుపునిండా తింది. బెంగాలీల హోటల్లో ఆవపిండి పెట్టిన చేప ముక్క ఘాటు ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ నవ్వింది. మామగారు పోయాక ఆమె నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. రాగిసంకటి పెట్టే చోటికి తీసుకెళ్తే, ఇది తినేటందుకు ఇంత దూరం రావాల్నా అంది. గుంటూరు వాళ్ళ మెస్సులో గోంగూర మాంసం ముందుకొచ్చినప్పుడు ఒక్క ముద్ద తిని చెయ్యి తీసేసి, ఇది మీ మామకు పెట్టాల్సింది అంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈమెకు అసలు కారమే గిట్టదని. కాపురానికి వచ్చిన నాటి నుంచి, మామగారి నాలుకకు సరిపోయేట్టు వండి, అదే తను కూడా తింటూ వచ్చింది. ఆయన పోయాక మేమూ అదే కారం, ఆమె మీద ప్రేమతోనే, ముందు పెడుతున్నాం. ఆ మర్నాటి నుంచి పొయ్యి మీద ఆమెకొక చిన్న గిన్నె విడిగా పెట్టాను. మెల్లగా ఒంటికి నెత్తురు పట్టింది.

కాని మా చర్చి సంఘంలో నలుగురు ఆడవాళ్ళు మమ్మల్ని అమీర్‌పేటలో చూశారు. భర్త పోయి ఏడాదైనా తిరగని మనిషిని కోడలు హోటళ్ళ వెంట తిప్పుతోందని, ఇంట్లో వండిపెట్టే ఓపిక లేకనేనని స్త్రీల కూటంలో అనుకున్నారట. అది తిరిగి తిరిగి సనత్‌నగర్ చేరింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్ద బావగారు మా ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మంలోనే విడిచి, కూర్చోకుండానే బట్టలు సర్దుకొమ్మని తల్లికి చెప్పారు. తన ఇంట్లో మర్యాదగా ఇంటి తిండి తిని ఉండొచ్చన్నారు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె వెళ్ళిపోతే ఊరుకోలేనని, ఆపే హక్కు నాకు లేదని రెండూ నాకు తెలుసు.

అత్తమ్మ చదువుతున్న బైబిలు మూసి పక్కన పెట్టింది.

"వస్త కొడుకా. నాకేం ఇష్టమో ఒక్కటి చెప్పు, ఇప్పుడే వస్త."

బావగారు తడుముకోకుండా పచ్చిపులుసు అన్నారు, నా చిన్నప్పటి నుంచి నువ్వు అదే తినేదానివి కదా అన్నారు.

"అది మీరంత తినంగ మిగిలేది, గందుకు తిన్న."

బావగారు తమ్ముడి వైపు చూశారు. అంత పెద్ద మనిషి మెల్లగా తల్లి కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చున్నారు. పిల్లవాడు అడిగినట్టు అడిగారు.

"మరి నీకేం ఇష్టమే అమ్మా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అప్పాలు, తెల్లకూర, పూరీలు, కొబ్బరి వేసింది ఏదైనా. వేడివేడిగా ఉండగానే తినడం. ఎదురుగా ఇంకో మనిషి కూర్చోవడం. చివరి రెండూ విన్నాక మా ఆయన కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు.

ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం బావగారే సెలవు పెట్టి స్కూటర్ మీద వచ్చి ఆమెను పంజగుట్ట తీసుకెళ్ళారు, మా ఆయనా సెలవు పెట్టారు, మేమిద్దరం బస్సులో వెనక వెళ్ళాం. ఆ చప్పటి కూర ఆయనకు గొంతు దిగక ఊరగాయ అడిగి తెప్పించుకున్నారు, అయినా తల్లి తింటున్నంతసేపూ ఆమె చేతినే చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అత్తమ్మ కంచం కూడా మా కంచాలతోపాటే పడింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది, సుఖంగానే పోయింది.

ఆ హోటళ్ళలో ఇప్పుడేదీ లేదు. గుజరాతీ భోజనశాల ఉన్నచోట కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్నాయి, బెంగాలీల హోటల్ ఉన్న వీధి మీదుగా మెట్రో పోతోంది. కాలం మారినందుకు నాకు బాధేమీ లేదు, మూడేళ్ళ పిల్లలు కూడా తమకేం కావాలో ఇప్పుడు తడుముకోకుండా చెప్తారు, వింటుంటే ముచ్చటగానే ఉంటుంది. ఏ రాష్ట్రపు వంటైనా ఫోన్ మీద వేలు పెడితే గుమ్మంలోకి వస్తుంది. మా ఇంటికీ వస్తాయి, మనిషికొక పొట్లం, ఎవరికి కావాల్సింది వాళ్ళకు. ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఎవరిది వాళ్ళు తీసుకుని వాళ్ళ గదుల్లోకి పోతారు. తలుపుల వెనక నుంచి వచ్చే వాసనలను బట్టి ఎవరికేం ఇష్టమో పోల్చుకుంటూ, నేను హాల్లో కూర్చుంటాను.