పక్క గడిలో రాయాల్సిన పేరు

మొన్నామధ్య మా రైల్వే ఆఫీసులో పక్క సీటావిడ మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ ఫోను నా ముందుకి జరిపి, "మీరు ఒకప్పుడు టెన్నిస్ ఆడేవారంట కదండీ, మా అమ్మాయి డబుల్స్ ఎంట్రీ ఇది, కరెక్టుగా నింపానో లేదో కాస్త చూసి పెట్టండి" అన్నారు. చూడ్డానికి ఏముంది, ఒక గడిలో వాళ్లమ్మాయి పేరు, పక్క గడిలో జోడీ అమ్మాయి పేరు, కింద నొక్కడానికి ఒక బొత్తాం. బాగానే ఉందన్నాను. ఆవిడ ఎడమచేతి వేలితో నొక్కేసి మళ్లీ పెరుగన్నంలో పడ్డారు. నాకు మాత్రం ఆ పూట డబ్బా సగం మిగిలిపోయింది. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చిన మనిషికి ఫోనులో ఒక గడి చూసి అన్నం సహించకపోవడమేమిటని మీరనుకోవచ్చు. పాతికేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి, నా ఈడు వాళ్లయితే కాస్త జాలిగా వింటారని ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో టైలరు. మేము ఆయన్ని అబ్బా అనేవాళ్లం. క్లబ్బులో టెన్నిస్ ఆడే ఆఫీసర్లు తెల్ల నిక్కర్లు ఆయన దగ్గరే కుట్టించుకునేవారు, కుట్టినవి ఇచ్చి రమ్మని నన్ను పంపేవారు, నేను ఇచ్చి రాకుండా సాయంత్రం దాకా అక్కడే కోర్టు చుట్టూ తిరిగేవాణ్ణి. అలా బంతులు ఏరడంతో మొదలైన నా ఆట, ఎవరూ పెద్దగా అనుకోకుండానే, నన్ను రాష్ట్రం దాటించి, ఆ తరువాత దేశం కూడా దాటించింది. తొంభైల చివర్లో ఒక ఏడాది పాటు నేను చాలెంజర్ సర్క్యూట్‌లో తిరిగాను. చాలెంజర్ అంటే, మనం టీవీల్లో చూసే పెద్ద టోర్నీలకి ఒక మెట్టు కింద జరిగే టోర్నీలు. పైకి వెళ్లే కుర్రాళ్లూ, కిందికి జారుతున్న పెద్దవాళ్లూ, ఎటూ కదలని నాలాంటి వాళ్లూ అక్కడ కలుస్తారు. కలుస్తారనడం కూడా సరికాదు. ఒకే హోటల్లో ఉంటారు, అంతే.

ఆ ఒంటరితనం గురించి చెప్పాలంటే మంగళవారాల గురించి చెప్పాలి. టోర్నీ సోమవారం మొదలవుతుంది, మంగళవారం సాయంత్రానికి నాలాంటి వాడు ఓడిపోయి ఉంటాడు, తరువాతి ఊరికి టికెట్ ఆదివారానికి ఉంటుంది. మధ్యలో నాలుగు రోజులు, పేరు పలకడం కూడా రాని ఊళ్లో, కిటికీ కడ్డీకి ఆరేసిన సాక్సుల్ని చూస్తూ కూర్చోవాలి. ప్రాక్టీసు కావాలంటే కోర్టు దగ్గర గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది, దాని మీద మన పేరు రాస్తే, మనతో ఆడదలచినవాడు పక్కన తన పేరు రాస్తాడు. నేను రాసి, ఏ పని లేనట్టు అటూ ఇటూ తిరిగి గంట తరువాత వచ్చి చూస్తే, చాలాసార్లు నా పేరొక్కటే ఉండేది. మనిషికి ఆకలి ఉంటే అడగొచ్చు గానీ, నాతో కాసేపు ఆడండని అడగడానికి ఎందుకో నోరు వచ్చేది కాదు. అప్పుడు గోడకి కొట్టుకునేవాణ్ణి. పరాయి దేశాల గోడలు కూడా మన మునిసిపల్ స్టేడియం గోడ లాగే బంతిని తిప్పి పంపుతాయని ఆ ఏడాదే తెలుసుకున్నాను.

ఎస్టీడీ బూత్ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో ఫోను లేదు, అబ్బా షాపు ఎదురుగా ఉన్న గాజుల కొట్టుకి చేస్తే ఆయన్ని పిలిచేవారు. ఆయన గెలిచావా ఓడావా అని ఎన్నడూ అడగలేదు. "నిక్కరు నడుం దగ్గర ఎలా ఉందిరా, వదులైందా?" అని అడిగేవారు. టైలరు కదా, నేను తింటున్నానో లేదో ఆయనకి అలా తెలిసేది. సరిగ్గానే ఉందబ్బా అని అబద్ధం చెప్పేవాణ్ణి. అప్పటికి లోపల రెండు పిన్నీసులు పెట్టుకుని ఆడుతున్నాను.

నాలుగో నెలలో అనుకుంటాను, మధ్య ఆసియాలో ఒక చలి ఊళ్లో, ఇనుప కంచె పక్కగా నడిచి వెళ్తుంటే లోపలి కోర్టులోంచి, "నీ మొహం, ఆ బంతి వదిలెయ్యొచ్చుగా, బయటికి పోయేదేగా" అని ఎవరో తనని తాను తిట్టుకోవడం వినపడింది. తెలుగు. అది కూడా కృష్ణా జిల్లా తెలుగు. నేను కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఏడుపొచ్చింది. అతను నాకన్నా ఆరేడేళ్లు పెద్ద, కూచిపూడి దాటాక లోపలికి వెళ్లే ఒక ఊరి రైతు కొడుకు, ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్లో చేరి చదువు వదిలేసి ఆట పట్టుకున్నవాడు. ఆ రోజు నుంచీ అన్నా అని పిలిచాను కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను.

ఆ వారం నుంచి ఒకే గది, ఒకే బస్సు, డబుల్స్‌లో ఒకే జోడీ. అన్న రాకెట్ల సంచీలో బట్టల మధ్య ఒక చిన్న కరెంటు కుక్కరూ, బియ్యం, కందిపొడీ ఉండేవి. ఒక ఊళ్లో ఆ కుక్కరు పెట్టగానే హోటల్ అంతస్తు మొత్తానికి కరెంటు పోయింది. గదుల్లోంచి ఆటగాళ్లందరూ తువ్వాళ్లతో బయటికొచ్చి చీకట్లో ఒకరినొకరు అడుగుతుంటే, మేమిద్దరం కూడా వాళ్లతో పాటు నిలబడి ఏమైందేమైందని అడిగాం. ఉడికీ ఉడకని అన్నం వాసన మాత్రం మా గదిలోంచే వస్తోంది. కోర్టులో తెలుగే మాకు ఉన్న పెద్ద బలం. ఎదుటివాళ్ల మొహం మీదే, "వీడికి ఎడం పక్క చేతకాదు, అటే కొట్టు" అని గట్టిగా చెప్పుకునేవాళ్లం. ఇంత చెప్పుకున్నా వరసగా ఓడిపోయాం, మొదటి రౌండు ఒక్కసారీ దాటలేదు. అన్న మోచేయి అప్పటికే పాడైంది, సర్వీసు చేసిన ప్రతిసారీ మొహం ఒకలా పెట్టేవాడు. కానీ ఓడిపోయాక మంగళవారం సాయంత్రం ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. నా జీవితంలో ఓటమి అంత తేలిగ్గా మోసింది ఆ నెలల్లోనే.

సీజన్ చివర్లో ఒక టోర్నీ హైదరాబాదులో పడింది. అన్నకి అదే ఆఖరిదని మా ఇద్దరికీ తెలుసు. వాళ్ల నాన్నగారు ఈ ఒక్క ఏడాదే అని గడువు పెట్టారు, పొలం కొంత చేపల చెరువులుగా తవ్విస్తున్నారు, చూసుకోవడానికి మనిషి కావాలి. ఇన్నేళ్లలో అన్న అమ్మానాన్నలు అతను ఆడగా ఒక్కసారి కూడా చూడలేదు. ఊళ్లో ఎవరన్నా అడిగితే మావాడు ఫారిన్‌లో ఏదో చేస్తున్నాడని చెప్పుకునేవారట. ఈసారి వాళ్లిద్దరూ రైలెక్కి వస్తున్నారు, మంగళవారం పొద్దున దిగుతారు. సింగిల్స్‌కి అన్న ర్యాంకు చాలదు, మోచేయీ ఒప్పుకోదు. డబుల్స్ ఒక్కటే దారి. అందులో ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు, అంతకు ముందు చిన్న టోర్నీల్లో తెచ్చుకున్న నా ర్యాంకు కలిస్తే అతనికి చోటు దొరుకుతుంది, లేకపోతే లేదు.

అప్పట్లో డబుల్స్ ఎంట్రీ అంటే రిఫరీ బల్ల దగ్గరికి మనిషి వెళ్లి సంతకం పెట్టాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాటితే లేదు. జోడీలో ఒకరు వెళ్లి ఇద్దరి పేర్లూ రాసినా చాలు. సోమవారం పొద్దున అన్న, అమ్మానాన్నలకి స్టేషన్ దగ్గర గది చూడ్డానికి వెళ్తూ, "నువ్వు వెళ్లి రాసెయ్ రా, నా కోసం చూడకు" అన్నాడు. అంతకు ముందు కూడా చాలాసార్లు అలాగే రాశాను. టిఫిన్ చేస్తుంటే ఒక పొడుగాటి యూరప్ అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. అతని జోడీకి కాలు బెణికిందట, నీతో ఆడనా అన్నాడు. డబుల్స్‌లో అతనికి నాకంటే ఎంతో మంచి ర్యాంకు. సర్వీసు చూస్తే భయమేసేది. నాకు జోడీ ఉన్నాడని చెప్పాల్సిన చోట నేను ఇడ్లీ నములుతున్నాను. ఆలోచించి చెప్తానని కూడా అనలేదు, సరేనని తల ఊపేశాను. ఏడాదంతా తిరిగి ఒక్క మ్యాచ్ గెలవకుండా అబ్బా ముందుకి ఎలా వెళ్లడం అన్నది ఒక్కటే బుర్రలో తిరిగింది. బల్ల దగ్గరికి వెళ్లాను, మొదటి గడిలో నా పేరు రాశాను, పక్క గడిలో అతని పేరు రాశాను. చెయ్యి వణకలేదు, అదే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా అన్న వచ్చాడు, ఎందుకో చూసుకుందామని కాగితం మీదికి వంగాడు. నేను మెట్ల మీద ఉన్నాను. అన్న కాగితం రెండుసార్లు చదివి, అక్కడే నిలబడి, జోడీ లేనివాడు ఎవడన్నా ఉన్నాడేమోనని వచ్చీపోయేవాళ్ల మొహాలు చూశాడు. ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు కూడా. నేను దిగి వెళ్లలేదు. పన్నెండయ్యాక రిఫరీ కాగితం తీసేశాడు. అన్న మెట్లెక్కి వచ్చి నన్ను చూసి, "మంచి ప్లేయరేలే. వాడు సర్వీసు చేసేటప్పుడు నువ్వు నెట్‌కి ఇంకాస్త ముందుకి జరుగు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం నా మ్యాచ్‌కి గ్యాలరీలో పట్టుమని ముప్పై మంది లేరు. మొదటి వరసలో అన్న, పక్కన ఇస్త్రీ చీరలో వాళ్లమ్మగారు, తెల్లపంచెతో వాళ్ల నాన్నగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ నీ ఆట ఎప్పుడురా అని అడుగుతుంటే, "నాది నిన్ననే అయిపోయిందమ్మా, ఓడిపోయాను. ఇవాళ వీడిది చూడండి" అని అన్న చెప్పడం, సైడు మారుతున్నప్పుడు నేను నా చెవులతో విన్నాను. అన్న చెప్పినట్టే నెట్‌కి ముందుకి జరిగి ఆడాను. గెలిచాం. ఏడాదిలో నా మొదటి గెలుపు, ఒకే ఒక్క గెలుపు. వాళ్లు ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు. ఆటయ్యాక ఆవిడ ఊరి నుంచి తెచ్చిన అరిసెలు రెండు నా చేతిలో పెట్టి, "పోన్లే నాయనా, మీ ఇద్దర్లో ఒకళ్లన్నా గెలిచారు, ఇంత దూరం వచ్చినందుకు మాకదే చాలు" అన్నారు. అన్న పక్కకి తిరిగి తన సంచీ జిప్పు సర్దుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే అన్న వాళ్లతో పాటు రైలెక్కేశాడు. కుక్కరు గదిలో నాకు వదిలేసి వెళ్లాడు, కావాలనో మరిచిపోయో ఇప్పటికీ తెలియదు. తరువాతి రౌండ్‌లో మేము తొందరగానే ఓడాం, ఆ పొడుగాటి అతను చెయ్యి కలిపి వెళ్లిపోయాడు, అతని మొహం కూడా నాకిప్పుడు సరిగా గుర్తు లేదు. ఆ వారంలో మిగిలిన రోజులు అన్న కలవక ముందు గడిపిన ఆ మొదటి నెలల కంటే ఒంటరిగా గడిచాయి. అప్పుడు నాకు ఎవరూ లేరు, ఇప్పుడు ఉన్నవాణ్ణి నేనే పోగొట్టుకున్నాను, రెంటికీ ఎంత తేడా ఉందో ఆ గదిలో బాగా తెలిసింది.

తరువాత స్పోర్ట్స్ కోటాలో నాకు రైల్వే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఏడెనిమిదేళ్లు గడిచాక ఒక ఆదివారం మనసు ఆగక పామర్రు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలు మారి, అన్న వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. చెరువు గట్టు మీద ఉన్నాడు, మనిషి లావయ్యాడు, చేపలకి మేత వేయిస్తున్నాడు. నన్ను చూడగానే పోల్చుకున్నాడు. "రండి రండి, ఎప్పుడు బయల్దేరారు, దారిలో ఇబ్బంది పడలేదు కదా" అంటూ తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశాడు. అమ్మగారు కూతురి దగ్గరికి వెళ్లారట. మజ్జిగ వచ్చింది, ఆకులో భోజనం వచ్చింది, కొసరి కొసరి వడ్డించారు. నేను రెండుసార్లు ధైర్యం తెచ్చుకుని, "అన్నా, ఆ రోజు హైదరాబాదులో" అని మొదలుపెట్టాను. రెండుసార్లూ ఆయన నవ్వి, "అవన్నీ ఇప్పుడెందుకులెండి, పెరుగు వేసుకోండి" అన్నాడు. అంత మర్యాద ముందు క్షమించమన్న మాట ఎలా అనాలో నాకు తెలియలేదు. చేపల లారీ అతను ఎవరండీ అని అడిగితే, "వీరు విజయవాడ నుంచి వచ్చారు, నాకు తెలిసినవారు" అన్నాడు. నన్ను బస్సు ఎక్కించి, బస్సు కదిలేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు అటు రోడ్డు వెడల్పు చేశారు, బండి మీద బయల్దేరితే గంటన్నరలో చేరొచ్చు, నంబరు కనుక్కోవడమూ పెద్ద పని కాదు. ఒకప్పుడు ఇంటికి ఫోను చేయడానికి కూడా గంటలు పట్టే దేశాల్లో మేమిద్దరం ఒకే గదిలో, ఒకే కుక్కరులో వండుకుని తిన్నాం. ఇవాళ గంటన్నర దూరంలో ఉండి, నేను ఆయనకి తెలిసినవాణ్ణి.