పెట్టె తిరిగి అదే అరకు చేరితే

2023 నవంబరులో, టొరంటోకు ఆనుకుని ఉన్న వాన్ నగరంలోని ఒక గోదాములో ఒక్కో షిఫ్టు కోసం పదుల సంఖ్యలో తెలుగు విద్యార్థులు ఎదురుచూసేవారు. షిఫ్టు దొరికినవారిలో ముప్పై ఒక్క ఏళ్ల ఝాన్సీలక్ష్మి ఒకరు. అంతకుముందు ఆరేళ్లు తణుకులో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించారు. ఇక్కడ డిప్లొమా చదువుతూ, వారానికి మూడు మధ్యాహ్నాలు అరల్లోని పెట్టెలను తీసి బండిలో సర్దేవారు.

చేతిలోని స్కానర్ ఆమె వేగాన్ని లెక్కించేది. మూడుసార్లు వేగం తగ్గితే ఇక షిఫ్టులు ఉండవు. రెండు హెచ్చరికలు అప్పటికే అందాయి. ఈ పని పోతే అద్దె కట్టలేరు, పంచుకుంటున్న బేస్‌మెంటులో ఆమె మంచం మరొకరిదవుతుంది.

సమస్యను ఆమె పాఠంలాగే విడదీసుకున్నారు. పెట్టెను పై అరకు ఎత్తితే దానిలో స్థితిశక్తి చేరుతుంది. ఆ శక్తిని ఇచ్చేది కండరాలు; కండరాలకు ఇచ్చేది అన్నంలోని రసాయనశక్తి. వంగి లేచిన ప్రతిసారీ సొంత శరీరాన్నీ ఎత్తాలి. ఖర్చైన శక్తిలో చాలా భాగం వేడిగా పోతుంది. కనుక తెరపై కనిపించే జాబితాలో కింది అరలవన్నీ వంగినప్పుడే వరసగా ముందు తీసి, పైవి తర్వాత తీస్తే వంగడం తగ్గుతుంది. నోటుపుస్తకంలో లెక్క సరిపోయింది.

పక్క వరుసలో పనిచేసే కరీంనగర్ విద్యార్థి ప్రజ్వల్ చూసి నవ్వాడు.

"అక్కా, స్కానర్ ఏది చూపిస్తే గదే తియ్. దానికి ఫిజిక్స్ రాదు."

"నా నడుముకి వచ్చు నాన్నా."

బండి నిండాక అన్నీ ఒకేసారి స్కాన్ చేయబోతే తెలిసింది: స్కానర్ తాను చూపిన వరుసలో, ఆ అర ముందు నిలబడి తీస్తే తప్ప ఏ పెట్టెనూ అంగీకరించదు. తీసిన ముప్పై పెట్టెలనూ ఎక్కడివక్కడ పెట్టి, మళ్లీ మొదటినుంచి తీయాల్సి వచ్చింది.

బరువు తిరిగి బయలుదేరిన చోటికే చేరితే గురుత్వాకర్షణ లెక్కలో మొత్తం పని సున్నా. ఇది ఆమె ఏటా బోర్డు మీద నిరూపించిన సూత్రమే. "మరి అలసట ఎక్కడికి పోతుంది మేడమ్?" అని ఒకసారి ఒక విద్యార్థిని అడిగింది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు.

షిఫ్టు చివర క్రిస్టో పిలిచాడు. కాకినాడవాడు, ఆ షిఫ్టు పనిని చూసుకునే లీడ్.

"మూడోది పడిపోయిందండి. నా చేతుల్లో లేదు."

"ఇవాళ నేను వంగినన్నిసార్లు ఎవరూ వంగలేదు క్రిస్టో."

"నేను చూశానండి. సిస్టమ్ చూడలేదు." చేయి చాచాడు. "బ్యాడ్జ్ ఇచ్చేయండి."

ఆమె మెడలోంచి తీసి అతడి చేతిలో పెట్టారు.

బయట బస్టాపులో, గడ్డకట్టే చలిలో, చెమటతో తడిసిన భుజాల నుంచి ఆవిరి లేస్తోంది. ఆమె దానిని చాలాసేపు చూశారు. అలసట పోయే చోటు ఇదే. చెప్పడానికి తరగతి లేదు. విరామంలో కూడా పని ఆపనందువల్ల సంచిలో పెరుగన్నం డబ్బా మూత తీయకుండానే ఉంది. అందులోని శక్తితో రేపు ఎత్తవలసిన బరువు ఏదీ లేదు.