రాజదర్బారు తలుపు, లైట్ డిపార్ట్‌మెంటు సర్దుబాటు

ఫిల్మ్ నగర్‌లోని ఒక సెట్ల కార్ఖానాలో, కంప్యూటర్ లెక్క ప్రకారం చెక్క చెక్కే సీఎన్‌సీ మిషన్ నడిపే మల్లికార్జున్‌కు సినిమా పరిశ్రమ అంటే రోత. పరిశ్రమకు ఆ సంగతి తెలియదు. తెలిసినా బాధపడే తీరిక దానికి లేదు. చెక్కపని మిషన్‌తో చేస్తే గీత గీసినట్టు వస్తుందని కంపెనీ చేత దాన్ని కొనిపించినవాడు అతనే కాబట్టి, అది ఏ పాపం చేసినా అతని ఖాతాలోకే వచ్చేది. ఇప్పుడు చెక్కవలసింది తామరపూల రాజదర్బారు తలుపు. అది చెడితే మిషన్‌ను పాత సింహాసనాల గోడౌన్‌కు పంపించేస్తామని ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావు గారు టీ తాగుతూ సెలవిచ్చారు.

పొద్దున మిషన్ వేయగానే మోటార్లు గుర్రుమన్నాయి. మొదటి తామర రేకులన్నీ ఒక పక్కకు జరిగాయి. మల్లికార్జున్ కంట్రోల్ బాక్సు తెరిచాడు. మోటార్లకు కరెంటిచ్చే నలభై ఎనిమిది వోల్టుల పవర్ సప్లై లేదు. దాని స్థానంలో లైట్ డిపార్ట్‌మెంటువాళ్ల ఇరవై నాలుగు వోల్టుల డబ్బా ఒకటి బహు మర్యాదగా బిగించి ఉంది. దీన్ని సినిమా యూనిట్లో దొంగతనం అనరు, సర్దుబాటు అంటారు.

"ఛీ!" అనుకుని, కొత్త పలక ఎక్కించి, మిషన్ వేగమూ, మలుపు తిరిగాక వేగం అందుకునే దూకుడూ రెండూ బాగా తగ్గించాడు. ఈసారి రేకులు కుదిరాయి.

ఇంతలో వెంకటేశ్వరరావు గారు వచ్చారు.

"ఏంటండీ ఈ నత్తనడక? స్క్రీన్ మీద అంకె పెంచితే సరిపోదూ?"

"భోజనాల లైను చూసిన్రు గద సార్. ప్లేట్ల సాంబారు పడకముందే వెనకోడు నూకితే ఏమైతది? మోటారుకు గూడ అడుగడుగుకూ తీగచుట్టల కరెంటు నిండాలె. వోల్టేజీ తక్కువుంటే నిండుడు లేటు. నిదానంగ పోతే నిండుతది. ఉరికిస్తే సగం నిండకముందే ఇంకో అడుగు ఆర్డరొస్తది, బలం సాలక అడుగు తప్పుతది. తప్పినట్టు మిషన్‌కు తెల్వది."

"మొన్న పరిగెత్తిందిగా?"

"మొన్న నలభై ఎనిమిది డబ్బా ఉండె. తెస్త. జర ముట్టకుండ్రి సార్."

పక్క ఫ్లోర్‌లో పబ్బు పాట సెట్టు. లైట్‌మన్ పోచయ్య కాలిన లైట్ల పట్టీలు చుట్టచుడుతున్నాడు.

"పోచన్నా, నా డబ్బా ఎందుకు తీసినవే?"

"డబ్బా పోయి డబ్బా వచ్చింది గద! తీస్కపో నీ దయ్యాన్ని. మా లైట్లన్నీ తినేసింది."

"గవి ఇరవై నాలుగువి. నలభై ఎనిమిదిస్తే తినదా?"

"గంత తెలిస్తే నేను కెమెరామన్‌నే అయితుంటి."

డబ్బా చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి మిషన్ అరుస్తోంది. సగం పలక మీద తామరలు గాలివానలో చిక్కినట్టు ఒరిగాయి. పక్కనే వెంకటేశ్వరరావు గారు, వేలు ఇంకా స్క్రీన్ మీదే.

"కొంచెమే పెంచానండీ. మీ మిషన్‌లోనే ఏదో లోపముంది."

బదులు చెబితే మల్లికార్జున్ నోరు కడుక్కోవలసి వచ్చేది. పాత సప్లై బిగించి, బాక్సుకు తాళమేశాడు.

"మా మీద నమ్మకం లేదా?"

"లేదు సార్."

మూడో పలక మీద మిషన్ పరుగెత్తింది. పూలన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. తలుపు మోయించుకుని సెట్టుకు వెళ్తే దర్బారు షాట్ ఎప్పుడో అయిపోయింది. గుమ్మానికి ఎర్ర పరదా కట్టి షాట్ తీసేశారట.

"పరదాయే రిచ్‌గా ఉందన్నారండీ డైరెక్టరు గారు. తలుపు దాని వెనకాల ఆనించెయ్యండి, పూలు గోడవైపుకి. దుమ్ము పడదు," అన్నారు వెంకటేశ్వరరావు గారు.

"మిషన్ గోడౌన్‌కేనా?"

"ఛ, ఉండనీయండి. తలుపు బాగానే వచ్చిందిగా! ఈసారి మాత్రం కాస్త స్పీడుగా కానివ్వండి."

మల్లికార్జున్ తలుపును గోడవైపు తిప్పాడు. మిషన్ దక్కింది. ఒళ్లంతా ఈ పరిశ్రమ జిడ్డే పూసినట్టనిపించి, సబ్బు కోసం కుళాయి వైపు నడిచాడు.