పొయ్యికి ఒక మూల

కొత్త ఇంట్లో కట్టెల పొయ్యి ఎక్కడ పెట్టాలన్న సంగతి, దాని ముందు కూర్చుని ఊదుకునే మనిషిని తప్ప అందరినీ అడిగారు. వాస్తు చూసే సిద్ధాంతిగారిని అడిగారు. తాపీ మేస్త్రీని అడిగారు. మా అత్తగారిని అడిగారు. సిమెంటు దింపడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరయితే ఎవరూ అడక్కుండానే, "మా బావమరిది ఇంట్లో ఆగ్నేయంలోనే పెట్టారండి, బెమ్మాండంగా ఉంది" అని చెప్పి వెళ్ళాడు. నేను వాళ్ళందరికీ టీలు అందిస్తూ తిరిగాను.

ఇల్లు ఇచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, అది ముందే చెప్పాలి. పాతికేళ్ళు ఉమ్మడి ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళతో ఒకే వంటగదిలో మసిలినదాన్ని. ఇప్పుడు ఉంగుటూరు దగ్గర కాలవ పక్కన మాకంటూ ఒక స్లాబు ఇల్లు. తూర్పు ముఖం, ముందు వరండా, వంటింట్లో నల్లరాయి గట్టు, గ్యాసు పొయ్యి, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి. గృహప్రవేశం వైశాఖంలో అయింది. ఇక కావలసింది పెరట్లో ఒక కట్టెల పొయ్యి, అదీ వారానికి ఒక్క పూట కోసం.

శనివారం నేను ఒంటిపూట ఉంటాను. దీపాల వేళకి కట్టెల మంట మీద ఇత్తడి గిన్నెలో పరమాన్నం వండి, చిన్న తిరుపతి వెంకన్నకి నివేదన చేసి, అప్పుడు ఎంగిలిపడతాను. మా అమ్మ అలాగే చేసేది. మాది కొల్లేటి ఒడ్డున ఊరు. వానాకాలం దారి మునిగితే బడి లేనట్టే, అందుకని బడి మెట్లు ఎక్కింది తక్కువ. నాన్న అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలూ ఎక్కాలూ నేర్పాడు. మిగతావి అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి నేర్పింది. గ్యాసు మీద వండితే స్వామి వద్దంటాడని నేను అనను. ఆయన అంత పట్టింపు మనిషి కాడు. నాకే కుదరదు. కట్టె మంట ముందు నుంచి లేచి వెళ్ళడానికి వీలుండదు కాబట్టి, ఆ ముప్పావుగంటా నామం అనుకుంటూ కూర్చుంటాను. గ్యాసు అయితే మంట తగ్గించేసి ఆరిన బట్టలు తీయడానికి వెళ్ళిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

కిందటి వానాకాలం నన్ను దగ్గు పట్టుకుని రెండు నెలలు వదల్లేదు. ఏలూరులో డాక్టరుగారు వీపు మీద గొట్టం పెట్టి విని, "మీకు పొగ పడదమ్మా" అన్నారు.

"బొత్తిగా మానెయ్యాలాండీ?"

"పొగ మీ మీదకి రాకుండా వండుకోగలిగితే వండుకోండి. వచ్చిందా, మానెయ్యాల్సిందే. రెండో మాట లేదు."

ఆ మాత్రం సందు ఇచ్చినందుకు ఆయనకీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కాబట్టి పొయ్యి ఏ మూలకి వెళ్తుందన్నది నాకు ముచ్చట విషయం కాదు. మూల తప్పితే నా శనివారం పోతుంది.

సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని వచ్చి, మా ఆయన అడిగినదానికి జవాబుగా, ఇంటి దక్షిణం పక్క ఆగ్నేయ మూల సున్నంతో గుర్తు పెట్టి వెళ్ళారు. వంటింటి కిటికీకి మూరెడు దూరం ఉంటుంది. ఆయన అటు వెళ్ళగానే నేను నోరు విప్పాను.

"ఏవండీ, సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి కదండీ వచ్చేది. ఇక్కడ పొయ్యి పెడితే పొగంతా కిటికీలోకీ వరండాలోకీ వస్తుంది."

"శాస్త్రం చెప్పాక మధ్యలో గాలేంటి?"

"పొగ గాలి మాటే వింటుందండీ, శాస్త్రం మాట వినదు."

"చూశావా అమ్మా, ఇంటిని కూడా చేటతో చెరుగుతానంటోంది నీ కోడలు" అని వాళ్ళమ్మ వైపు తిరిగారు.

మా అత్తగారు వరండాలో పీట మీద కూర్చుని ఉన్నారు. "అరవై ఏళ్ళు పొగలోనే వండాను, నాకేం అయింది?" అన్నారు. ఆ మాట పూర్తిచెయ్యడానికి రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

చేట అని ఆయన ఎగతాళిగా అన్నారు గానీ, నిజమే, నాకు గాలి తెలిసింది చేటతోనే. చిన్నప్పుడు కళ్ళంలో ధాన్యం ఎగరబోసేటప్పుడు నాన్న నన్ను తన ముందు నిలబెట్టి, "గాలి ఏ చెంపకి తగులుతోంది?" అని అడిగేవాడు. తప్పు చెబితే పొల్లంతా నా కళ్ళలోనే పడేది. అలా నేర్చుకున్నది ఎవరు మాత్రం మర్చిపోతారు? శాస్త్రాన్ని కాదనే పొగరు నాకు లేదు. కళ్ళు మండుతుంటే మండట్లేదని అనలేను, అంతే.

మేస్త్రీ గూడెం టౌన్లో ఇంకో పని ఒప్పుకున్నాడు. అది అయ్యేదాకా వచ్చి గట్టు కట్టలేనన్నాడు. ఆ వ్యవధి కూడా స్వామి ఇచ్చిందేననుకున్నాను. గట్టు లేచేలోగా అందరికీ కళ్ళారా చూపిద్దామని ఆ శనివారం సాయంత్రం సున్నం గుర్తు మీదే మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించాను. ఆయన్నీ అత్తగారినీ వరండాలో కూర్చోమన్నాను.

కొబ్బరాకు అంటుకుని, కట్టె రాజుకునేసరికి పైరగాలి లేచింది. పొగ కిటికీలో దూరి, హాల్లో తిరిగి, వరండాలోకి వచ్చి వాళ్ళిద్దరి మీద వాలింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గిన్నె దింపాను. కొత్త గోడలు, కొత్త కర్టెన్లు, అన్నీ పొగ వాసన. ఇక చెప్పేదేముంది, చూశారుగా అనుకున్నాను.

"కట్టెలు పచ్చివి" అన్నారు మా ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇవాళ గాలి బాగోలేదే" అన్నారు అత్తగారు.

సరే. పైవారానికి కట్టెల అడితి నుంచి ఎండు సరుగుడు తెప్పించాను. విరిస్తే పెటుక్కుమనే కట్టెలు. పొగ తగ్గింది, కాదనను. తగ్గిన పొగ కూడా సరిగ్గా అదే దారిన, అదే కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. ఆ పూటంతా దగ్గాను. అప్పుడు మా ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. ఆయనకి కొత్త ఆలోచన వస్తే నాకు గుండె దడ. గూడెం వెళ్ళి ఒక ఇనప గొట్టం కొనుక్కొచ్చారు.

మేస్త్రీకి ఫోను చేస్తే, పని మధ్యలో వచ్చి చూశాడు. "ఆయ్, పెట్టొచ్చు గానండీ, పైన సన్‌షేడ్ అడ్డం వస్తదండీ. గొట్టం దాని కిందే ఆగిపోద్ది."

"వంపు తిప్పు."

"తిప్పుతానండీ. పొగ కూడా తిరుగుద్దండీ మరి."

ఆ మేస్త్రీ మాట ఒక్కటైనా ఎవరైనా వింటే బాగుండేది. గొట్టం బిగించి వెళ్ళాడు. మూడో శనివారం పొగ బుద్ధిగా గొట్టంలోకి ఎక్కి, సన్‌షేడ్‌కి కొట్టుకుని, గాలి తోసినకొద్దీ వెనక్కి దిగి నా నెత్తి మీదే గుడారం వేసింది. నివేదన అయిందనిపించాను. నామం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు మాట్లాడితే దగ్గు. మళ్ళీ ఏలూరు, మళ్ళీ మందులు.

బుధవారం మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన చాలా మెత్తగా అన్నారు. కోపంగా అన్నా బాగుండేది.

"ఎందుకు నీకీ అవస్థ? డాక్టరు మానెయ్యమన్నాడు కదా, మానెయ్. గ్యాసు మీద వండుకో. దేవుడేం అనుకోడు."

"డాక్టరుగారు పొగ మానెయ్యమన్నారండీ. పొయ్యి మానెయ్యమనలేదు."

"రెండూ ఒకటే కదా."

"మీరు పెట్టించిన చోట ఒకటేనండీ."

ఆయన మజ్జిగ పోసుకున్నారు. నేను గిన్నెలు తీసేశాను. దొడ్లోకి వెళ్ళి నిలబడి, నోటితో అనకూడని మాటలు కొన్ని మనసులో అనుకుని, మళ్ళీ లెంపలేసుకున్నాను. అప్పుడు గాలి నా ఎడమ చెంపకి తగులుతోంది. నేను పడమటి వైపు తిరిగి ఉన్నాను. ఎదురుగా ఇంటి వెనక వాయవ్య మూల, దాటితే కంచె, కంచె దాటితే ఎవరి ఇల్లూ లేదు, ఆకుమడులూ చేలూ. పొగ వెళ్ళి చక్కగా చేలో పడుతుంది. ఆ మూల ఇన్నాళ్ళూ నాకు కనపడకపోలేదు. అది కారు షెడ్డుకని ఆయన ముందే పక్కన పెట్టేశారు. కారు ఇంకా కొనలేదు. కొంటామో లేదో, ఎప్పుడు కొంటామో దేవుడికే తెలియాలి. రాని కారుకి నీడ సిద్ధం, ఉన్న పొయ్యికి చోటు లేదు!

శనివారం సాయంత్రం ఎవరితో ఏమీ అనకుండా ఆ మూడు ఇటుకలూ పట్టుకెళ్ళి వాయవ్యంలో పేర్చాను. అగ్గిపుల్ల గీసి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పొగ నాకు వీపు తిప్పి కంచె మీదుగా పోతోంది. పాలు కాగాయి, బియ్యం ఉడికాయి, బెల్లం కరిగింది, నేను ఒక్కసారి కూడా దగ్గలేదు. నామం మొదటి నుంచి చివరిదాకా అనుకున్నాను.

మా ఆయన వరండా వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చారు. "అది కారు షెడ్డు కదా!"

"అవునండీ. కారు వచ్చాక లేస్తాను."

"నవ్వులాట కాదు. అగ్నిని వాయవ్యంలో పెట్టడమేంటి? ఇంటికి ఏమైనా అయితే?"

ఆ ఒక్క మాట నన్ను ఆపింది. ఇంటికి ఏమైనా అయితే అన్న భయం నాకు లేదా? స్వామికి నివేదన పెట్టి, ఎంగిలిపడకుండానే ఫోను తీసుకుని, నా జన్మలో మొదటిసారి సిద్ధాంతిగారికి నేనే చేశాను. గాలి సంగతీ, దగ్గు సంగతీ, డాక్టరుగారి మాటా ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయనకీ వినపడాలని స్పీకరు పెట్టాను.

"దానికేముందమ్మా?" అన్నారాయన. "ఆగ్నేయం కుదరనప్పుడు పొయ్యికి రెండో స్థానం వాయవ్యమే. సుబ్బరంగా పెట్టుకోండి."

"మరి ఆ రోజు చెప్పలేదేంటండీ?"

"మీవారు నన్ను ఆగ్నేయం ఎక్కడా అని అడిగారు. చూపించాను. కుదురుతుందా అని ఎవరూ అడగలేదమ్మా."

నెలరోజుల పొగ, ఇనప గొట్టం, ఏలూరు ప్రయాణం, మూడు రోజుల దగ్గు. ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఇనప గొట్టం వైపు చూశారు. ఫోను పెట్టేసి విస్తట్లో పరమాన్నం వడ్డించాను. తిన్నారు, రెండోసారి కూడా వేయించుకున్నారు.

సోమవారం మేస్త్రీ వచ్చాడు. ఏం జరిగిందో నేను చెప్పలేదు, మా ఆయన చెప్పారు. "గాలి చూసుకోవాలయ్యా పొయ్యి పెట్టేటప్పుడు. పైరగాలి ఎటు కొడుతుందో చూసి ఈ మూల ఖాయం చేశాను."

"ఆయ్, అదేనండీ మరి" అన్నాడు మేస్త్రీ, నా వైపు చూడకుండా.

ఇప్పుడు ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా హాలు కంటే ముందు పెరట్లోకి తీసుకెళ్ళి ఆ మాటే చెబుతున్నారు. నేను వాళ్ళకి మంచినీళ్ళు ఇస్తూ వింటున్నాను. స్వామి ఒంటికి ఆరోగ్యం ఇచ్చాడు, శనివారం నిలబెట్టాడు, పొయ్యికి గట్టి గట్టు కట్టించాడు. పేరు ఎవరికి పోతే ఏమని ఆ స్వామి ముందే రోజూ అనుకుంటున్నాను. అనుకోవడానికి రోజూ కాస్త కష్టపడాల్సి వస్తోంది.

మొన్న శనివారం మా అత్తగారు పీట తెచ్చుకుని నా పక్కన పొయ్యి దగ్గర కూర్చున్నారు. పొగ చేల మీదకి పోతోంది. కాసేపు మంట చూసి, అటూ ఇటూ చూసి అన్నారు:

"అంతా బాగానే ఉందే. కానీ ఇక్కడ కూర్చుంటే రోడ్డు మీద ఎవరెళ్తున్నారో బొత్తిగా కనపడట్లేదు. పొయ్యి కాస్త ముందుకి జరిపిస్తే పోలా?"

నేను ఇంకో కట్టె లోపలికి తోసి, నామం కొంచెం గట్టిగా అందుకున్నాను.